పరీక్ష జరగని లైన్లకు పసుపు దీపం

మా వీధిలో కంప్యూటరు ఉద్యోగాలు చేసే పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లు రాసిన ప్రోగ్రాములను ఇంకో ప్రోగ్రాము ఎప్పటికప్పుడు పరీక్షించి చూస్తుందట. పొద్దున లేవగానే తెర తెరుస్తారు. ఆకుపచ్చ కనిపిస్తే టీకి పోతారు, ఎరుపు కనిపిస్తే తల పట్టుకుంటారు. వాళ్లలో ఒకమ్మాయి మొన్న మా ఇంటికి వచ్చి, "ఆంటీ, మీ టైంల గిట్లాంటివన్నీ ఏడుండె" అంది. ఉండేవమ్మా అన్నాను. నమ్మలేదు. టెలిఫోన్ శాఖ అంటే స్తంభాలెక్కి తీగలు కట్టడమే అనుకున్నట్టుంది. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో కాస్త గొప్ప చెప్పుకోవడం ఉంటుంది. ఒక జీవితకాలం చేసిన ఉద్యోగంలో గొప్పగా చెప్పుకోదగ్గ రోజులు ఎన్నో ఉండవు. ఉన్నవాటిని దాచుకోవడం నాకు చేతకాదు.

ఎనభైల మొదట్లో హైదరాబాదు పాతబస్తీలోని ఒక టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో జూనియర్ ఇంజనీరుగా చేరాను. మా ఇల్లు కిషన్‌బాగ్‌లో. బాపు, అంటే మా నాన్న, ఒక సర్కారీ కార్ఖానాలో ఫిట్టరు. ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ల గది నిండా ఆడవాళ్లే ఉండేవారు గానీ, యంత్రాల గదిలో నేనొక్కదాన్నే. బస్తీలో ఎవరు నంబరు తిప్పినా ఆ గదిలో ఇనుప చేతులు టకటకమని పైకి లేచి పక్కకు తిరిగేవి. కొత్తలో ఆ చప్పుడుకు ఇంటికెళ్లాక కూడా చెవులు మోగేవి.

అక్కడ నాకు పని నేర్పింది ఒక పెద్ద మెకానిక్. అందరూ ఆయన్ని భాయ్ అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. నలుగురిలో ఉంటే నన్ను మేడమ్ అనేవాడు, ఇద్దరమే ఉంటే బేటీ అనేవాడు. మా ఆఫీసరు మంచివాడే, కాకపోతే భయస్తుడు. హెడ్డాఫీసు నుంచి ఫోను వస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవాడు.

ఒకరోజు హెడ్డాఫీసు వర్క్‌షాపు నుంచి ఒక ఇనుప పెట్టె వచ్చింది. బస్తీలో ఎప్పుడూ పనిచేస్తూ ఉండాల్సిన ఫోన్లు కొన్ని ఉంటాయి. పోలీసు చౌకీలు, ఆసుపత్రులు, ఫైర్ స్టేషను, శాంతి సంఘంలోని కొందరు పెద్దల ఇళ్లు. ఆ లైన్లను ఈ పెట్టె ఒకదాని తర్వాత ఒకటి తనంతట తానే పరీక్షించాలి. పెట్టెలో వేలెడంత మైక్రోప్రాసెసరు, ముందువైపు దీపాల బోర్డు. లైను బాగుంటే ఆకుపచ్చ, చెడితే ఎరుపు. ప్రోగ్రాము రాసినాయన అప్పటికే బదిలీ అయి వేరే రాష్ట్రానికి పోయాడు. ట్రైనింగులో నేను ఈ విద్య కొంత నేర్చుకున్నానని ఆఫీసరుకు తెలుసు.

"ఇగ ఇది నీ బిడ్డ అనుకో అమ్మా. సాకుడు నీ పని" అన్నాడు.

బోర్డు చూడటానికి ముచ్చటగా ఉండేది. ఎప్పుడో ఒక్కటి తప్ప అన్నీ ఆకుపచ్చగానే వెలిగేవి. ఆఫీసరు పొద్దున్నే వచ్చి దాని ముందు నిలబడి, దేవుడి పటానికి పెట్టుకున్నట్టు ఒక నమస్కారం పెట్టుకుని లోపలికి పోయేవాడు.

అలా కొన్నాళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం ప్రసూతి ఆసుపత్రి కాంపౌండరు చెమటలు కక్కుతూ లోపలికి వచ్చాడు.

"సార్, మా ఫోన్ల పొద్దుగాల్నుంచి సప్పుడే లేదు."

ఆఫీసరు బోర్డు చూపించాడు. "గ్రీన్ ఉంది గదయ్యా."

"గ్రీనో రెడ్డో నాకేం ఎరుక సార్. కాన్పు కష్టమైతుంది, డాక్టరమ్మను పిలుద్దామని ఫోన్ ఎత్తితే మూగది ఎత్తినట్టుంది. నేనే ఆటోల పోయి తోల్కొచ్చిన. తల్లీపిల్లా బతికిన్రు. లేకుంటే ఎవరికి జవాబు చెప్పాలె?"

భాయ్ లేచి, చేతి మీటరు తీసుకుని ఆ లైను తీగలకు తగిలించి చూశాడు. "ముర్దా హై సాబ్" అన్నాడు. లైనులో ప్రాణం లేదు. బోర్డు మీద మాత్రం ఆకుపచ్చ దీపం హాయిగా వెలుగుతూనే ఉంది.

వాళ్లు లైను బాగుచేసే పనిలో పడ్డారు. నేను పెట్టె ముందు కూర్చున్నాను. దీపం చెడిందా అని మార్చి చూశాను, కాదు. చివరికి ఒక ఆలోచన వచ్చింది. పెట్టె నుంచి లైన్లకు పోయే లావుపాటి కేబులు ఒకటి వెనకాల ఉంటుంది. దాన్ని మొత్తంగా ఊడపీకి పక్కన పెట్టి, పెట్టెను ఒకసారి ఆపి మళ్లీ వేశాను. ఇప్పుడు దానికి బస్తీలోని ఒక్క ఫోనుతోనూ సంబంధం లేదు. అయినా బోర్డంతా ఆకుపచ్చగా వెలిగింది.

ఆఫీసరును పిలిచి చూపించాను. కేబులు కొస నా చేతిలో ఉంది.

"ఏంది ఇది?" అన్నాడు.

"కేబుల్ తీసేసిన సార్. ఇది ఏ లైనునూ చూడట్లేదు. చూడకుండనే అన్నీ మంచిగున్నయంటుంది."

ఆయన పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. అన్నాళ్లు తను దేనికి నమస్కారం పెట్టాడో అప్పుడు అర్థమైనట్టుంది.

ఈ కాలపు పిల్లలకు కారణం ఒక్క మాటలో తెలుస్తుంది, మిగతావాళ్ల కోసం చెబుతాను. పెట్టె జ్ఞాపకంలో ఒక్కో లైనుకు ఒక్కో గడి ఉంటుంది. లైను బాగుంటే అందులో సున్నా, చెడితే ఒకటి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పెట్టె పలక తుడిచినట్టు గడులన్నిటినీ సున్నా చేసుకుని మొదలుపెడుతుంది. సున్నా అంటేనేమో బాగున్నట్టు. అంటే, పరీక్షకే రాని పిల్లలందరూ ముందే పాసైపోయారన్నమాట. ఆ తర్వాత ఏ కారణంగానైనా పెట్టె ఒక లైను దాకా చేరలేకపోతే, ఆ గడిలో సున్నా అలాగే ఉండిపోతుంది. ఆరోజు పొద్దున జరిగింది అదే. కరెంటు ఊగిసలాడింది, లోపలి ఫ్యూజు ఒకటి పోయింది, పెట్టె ఏ లైనునూ ముట్టుకోకుండానే అన్నీ బాగున్నాయని చెప్పింది.

గడిని రెండింతలు చేయాలని తేల్చుకున్నాను. అప్పుడు ప్రతి లైనుకూ నాలుగు మాటలు చెప్పవచ్చు. బాగుంది, చెడింది, ఎవరో మాట్లాడుతున్నారు, ఇంకా పరీక్ష జరగలేదు. ఇందులో సున్నాను "పరీక్ష జరగలేదు"కు ఇవ్వాలి. పెట్టె కళ్లు తెరవగానే మొదట చెప్పాల్సిన మాట "నాకింకా తెలియదు" అనేదే. పరీక్ష చేసిన తర్వాతే మంచో చెడో అనే హక్కు దానికి రావాలి. తెలియని లైనుకు పసుపు దీపం వెలగాలి.

ఆఫీసరు ఒప్పుకోలేదు.

"ఎరుపుంటే రిపేరు చేస్తున్నమని చెప్తం. పచ్చగుంటే బాగుందంటం. తెలియదని ఎట్ల చెప్పాలమ్మా? ఆఫీసరు కుర్చీల కూసొని తెలియదంటే, మరి నువ్వెందుకు ఉన్నవురా అంటరు."

"కాంపౌండరుతోని మొన్న బాగుందన్నరు కద సార్. దానికన్న తెలియదంటేనే ఇజ్జత్ ఉంటది" అన్నాను.

ఆ వయసులో నోరు కొంచెం ఎక్కువే ఉండేది. ఆయన కోపం తెచ్చుకోలేదు. "చెయ్. కని పాత ప్రోగ్రాం పారెయ్యకు" అన్నాడు.

ప్రోగ్రాము మార్చడమంటే ఇప్పటిలా టైపు చేయడం కాదు. కాగితం మీద రాసుకుని, ఒక్కో సంకేతాన్ని అంకెల్లోకి మార్చుకుని, చిన్న మీటల పలక మీద ఒక్కొక్కటే నొక్కాలి. అన్నీ నొక్కి చిప్పులో దాచేలోపు కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి. ఎన్నిసార్లు మొదటి నుంచి నొక్కానో చెబితే మా వీధి పిల్లలు నవ్వుతారు. దీపాల పని భాయ్ తీసుకున్నాడు. బేగంబజార్‌లో టార్చిబుగ్గలు, వాటి హోల్డర్లు బేరమాడి తెచ్చాడు. పసుపు రంగువి ఎక్కడా దొరకలేదు. ఆయనకు ధూల్‌పేట్‌లో విగ్రహాలు చేసేవాళ్లతో దోస్తీ ఉంది. వాళ్లు మండపాల్లో దీపాలకు చుట్టే పసుపు జిలెటిన్ కాగితం అడిగి తెచ్చి, ఒక్కో బుగ్గకూ టోపీలా తొడిగాడు.

మొదటిసారి వేసి చూస్తే బోర్డు సగం పసుపుపచ్చగా వెలిగింది. భాయ్ వెనకనుంచి చూసి నింపాదిగా అన్నాడు.

"గిదేంది మేడమ్, బోర్డుకు మంజే చేస్తున్నరా?"

మంజే అంటే భాయ్ వాళ్ల ముస్లిం పెళ్లిళ్లలో ముందుగా పసుపు పూసే వేడుక. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకలా అయిందంటే, ఎవరైనా మాట్లాడుతున్న లైనును పెట్టె ముట్టుకోకూడదు, వదిలేసి ముందుకు పోవాలి. అలా వదిలేసిన లైన్లన్నిటికీ నేను పసుపే వేశాను. పగటిపూట సగం లైన్ల మీద ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు. సగం బోర్డు ఎప్పుడూ పసుపుగా ఉంటే ఆ పసుపును ఎవరూ పట్టించుకోరు. అందరూ చూసీ చూడనట్టు పోవడం రెండు రోజుల్లోనే మొదలైంది.

కూర్చుని మళ్లీ ఆలోచించాను. మనుషులు మాట్లాడుతున్నారంటే ఆ లైను బతికే ఉన్నట్టు. దాన్ని పసుపు చేయనక్కర్లేదు, అంతకుముందు వచ్చిన ఫలితాన్నే ఉంచి, కాసేపాగి మళ్లీ వెళ్లి చూస్తే చాలు. అయితే పాత ఫలితాన్ని ఎంతసేపు నమ్మాలి? ఈ మాట భాయ్‌తో అంటే, "పొద్దుగాల పాలు మంచిగుండెనని పొద్దుమీకి తాగుతమా?" అన్నాడు. నిజమే. ఫలితానికి కూడా ఒక వయసు పెట్టాను. అది దాటేలోపు కొత్త పరీక్ష జరగకపోతే ఆకుపచ్చ ఆరిపోయి పసుపు వెలుగుతుంది. ఈసారి బోర్డు మీద పసుపు అరుదైపోయింది. అరుదైంది కాబట్టి, ఎప్పుడైనా వెలిగితే గదిలో అందరి తలలూ అటు తిరిగేవి.

ఇంతలో నిమజ్జనం రోజు వచ్చింది. ఆ సంవత్సరం బస్తీలో గాలి బాగాలేదు. ఎక్కడ చూసినా గుసగుసలే. చిన్న పుకారు లేచినా పెద్ద లొల్లి అయ్యేలా ఉంది. ఊరేగింపు దారిలోని చౌకీలన్నీ కంట్రోల్ రూముతో మాట్లాడుకునేది మా ఎక్స్ఛేంజి లైన్ల మీదే. అందుకని ఆ పొద్దున హెడ్డాఫీసు నుంచి ఒక పెద్ద ఆఫీసరు, పోలీసుల వైపు నుంచి ఒక ఇన్‌స్పెక్టరు మా బోర్డు చూడటానికి వచ్చారు.

వాళ్లు గదిలోకి రావడానికి కాస్త ముందే బోర్డు మీద ఒక వరుస మొత్తం పసుపు అయింది. అందులో చౌకీలే ఎక్కువ.

పెద్ద ఆఫీసరు చూడగానే మొహం మాడ్చుకున్నాడు. "ఏమిటీ ఎల్లో?"

"ఆ లైన్లకు పరీక్ష జరగలేదు సార్" అన్నాను. "పెట్టె ఆ వరుస దాకా పోలేకపోతుంది. లోపల ఆ వరుసను కలిపే రిలే స్విచ్చి అతుక్కున్నట్టుంది. లైన్లు బాగుండొచ్చు, ఉండకపోవచ్చు. తెలియదు."

"నిన్న ఎలా ఉన్నాయి?"

"నిన్న అన్నీ బాగున్నయి సార్."

"అయితే ఇవాళా బాగుంటాయి. మీటలతో నువ్వే గ్రీన్ వెయ్యొచ్చు కదా? వెయ్. ఇన్‌స్పెక్టరు గారు కంట్రోల్ రూముకు ఓకే చెప్పి వెళ్లాలి."

వేయవచ్చు. మీటల పలక నా ముందే ఉంది. ఒక్కో గడిలో సున్నా తీసి "బాగుంది" అనే అంకె పెడితే చాలు, చిటికెలో పని. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లో కాలేదు, ఇంకా పర్మనెంటు కాలేదు. ఈ ఉద్యోగం పోతే బాపుకు ఏం చెప్పాలా అనిపించింది.

"నేను వెయ్యను సార్. నాకు తెలియంది తెలుసని ఎట్ల పెట్టాలె?"

పెద్ద ఆఫీసరు మా ఆఫీసరు వైపు తిరిగాడు. "మీ స్టాఫ్ ఇలాగే మాట్లాడతారా?"

మా ఆఫీసరు ఒకడుగు ముందుకు వేశాడు. ఆయన ఏమంటాడో నాకు తెలుసనుకున్నాను. పాత ప్రోగ్రాము పారేయొద్దన్న మనిషి. కానీ ఆయన అన్నది ఇది.

"సార్, పచ్చ దీపం చూసి నేను ఒకపారి మోసపోయిన. ఆసుపత్రి ఫోను డెడ్ ఉంటె బాగుందన్న. ఆ అమ్మాయి చెప్పింది కరెక్టు. ఒక గంట టైమియ్యండి. చేతితోని చూసి చెప్తం." నిలబడే చెప్పాడు, కానీ గొంతు వణకలేదు.

ఇన్‌స్పెక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చూడండి. నేను ఉంట" అన్నాడు.

భాయ్ మీటరు పట్టుకుని ఆ వరుస లైన్లను ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టాడు. ఆయన చెబుతుంటే నేను సుద్దముక్కతో గోడమీద గీతలు పెట్టాను. ఠీక్ హై. ఠీక్ హై. ఇదీ ఠీక్. పెద్ద ఆఫీసరు చేతిగడియారం చూసుకుంటున్నాడు. ఒక్కో ఠీక్ వింటుంటే నాకు ఊపిరాడింది, సిగ్గూ వేసింది. అన్నీ బాగుండాలని కోరుకోవాలో, ఒకటైనా చెడి ఉండాలని కోరుకోవాలో తెలియని స్థితి అది.

చివరికి ఒకచోట భాయ్ ఆగాడు. మీటరు తీసి మళ్లీ పెట్టాడు.

"యే నై హై సాబ్. డెడ్."

ఇన్‌స్పెక్టరు లేచి వచ్చాడు. "ఏ చౌకీ?"

చెప్పాం. ఊరేగింపు దారిలో గల్లీ సన్నబడి మలుపు తిరిగేచోట ఉండే చౌకీ అది. అక్కడ గుడీ మసీదూ ఎదురుబొదురుగా ఉంటాయి. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి తల రుద్దుకున్నాడు. "ఉన్న చౌకీలల్ల అదే పోవాల్నా" అన్నాడు మెల్లగా.

భాయ్ సైకిలు తీశాడు. తెగిన తీగలు కలిపే కేబులు జాయింటరును వెనక ఎక్కించుకున్నాడు. తర్వాత ఆయనే చెప్పాడు, మలుపు దగ్గర మండపం కోసం పాతిన గుంజ ఒకటి భూమిలోని కేబులును చీల్చుకుని దిగిందట. మండపం వాళ్లే గడ్డపారలు తెచ్చి గుంజ పీకారు, గుంత తవ్వారు, ఎండ తగలకుండా పైన షామియానా గుడ్డ పట్టారు. భాయ్, జాయింటరు గుంతలో కూర్చుని తీగలు కలిపారు. వాళ్లు ఇచ్చిన పులిహోర కూడా తిన్నానని నాకు మరీ మరీ చెప్పాడు.

ఈలోపు నేను పెట్టె విప్పి, అతుక్కున్న రిలేను శుభ్రం చేసి బిగించాను. వరుస ఒక్కొక్కటిగా ఆకుపచ్చ అవుతూ వచ్చింది. ఆ మలుపు చౌకీ ఎరుపైంది. కొంతసేపు ఎరుపుగానే ఉంది. తర్వాత పెట్టె మరో చుట్టు తిరిగి వచ్చి, దాన్నీ ఆకుపచ్చ చేసింది. అప్పటికి మొదటి విగ్రహం ఇంకా ఆ గల్లీకి రాలేదు. పెద్ద ఆఫీసరు ఎప్పుడు వెళ్లిపోయాడో నేను చూడలేదు. ఇన్‌స్పెక్టరు మాత్రం ఆ చౌకీకి మా గదిలోంచే ఫోను చేసి, అవతల జవాను గొంతు విన్నాకే కదిలాడు.

మరునాడు ఆయన మళ్లీ వచ్చాడు. ఒంటిమీద నిన్నటి యూనిఫారమే ఉంది. చేతిలో మిఠాయి పెట్టె. గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"మాలూమ్ నై బోలే సో మేడమ్ కౌన్?"

తెలియదన్న మేడమ్ ఎవరని. భాయ్ నన్ను చూపించాడు, తన సొంత కూతుర్ని చూపించినంత గర్వంగా.

ఇన్‌స్పెక్టరు కూర్చుని జరిగింది చెప్పాడు. సాయంత్రం ఆ మలుపులో ఒక పెద్ద విగ్రహం చెయ్యి విరిగి కింద పడింది. ఎదుటి మేడ మీద నుంచి రాయి పడిందని ఎవరో అరిచారు. ఆ అరుపు వెనక లారీల దాకా పాకడం మొదలైంది. చౌకీ జవాను వెంటనే ఫోనెత్తి కంట్రోల్ రూముకు చెప్పాడు, రాయి కాదు, అడ్డంగా వేలాడుతున్న కరెంటు వైరు తగిలి విరిగిందని. తన కళ్లతో చూశానన్నాడు. కంట్రోల్ రూము వాళ్లు వెనక ఉన్న చౌకీలన్నిటికీ, శాంతి సంఘం పెద్దలకూ ఫోన్లు చేశారు. ఇరువైపుల పెద్దలూ వచ్చి వైరు కింద నిలబడి జనానికి దాన్ని చూపించారు. విగ్రహం వాళ్లు విరిగిన చేతిని గుడ్డలో చుట్టి లారీలో పెట్టుకున్నారు. ఊరేగింపు సాగిపోయింది.

"ఫోన్ లేకుంటే జవాను ఉరుక్కుంట రావాలె. వాడు వచ్చేవరకు పుకారు చార్మినార్ దాటుతుండె" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మీరు నిన్న పచ్చ దీపం పెట్టి ఉంటే నేను సలాం కొట్టి పోతుంటి."

మా ఆఫీసరు తనే లేచి అందరికీ మిఠాయి పంచాడు. ఆ మధ్యాహ్నం నేను భోజనానికి కూర్చుంటే, ఆకలి లేదనిపించి డబ్బా మూసేశాను. ఒళ్లంతా తేలికగా ఉంది. ఆ లోహపు పెట్టె లోపల, ఎవరికీ కనిపించని ఒక గడిలో, సున్నాకు నేను అర్థం మార్చాను. దానివల్ల ఒక గల్లీలో మనుషులు క్షేమంగా ఇళ్లకు చేరారు. ఇంత మాట అనుకోవడం ఎక్కువేమో, గుంత తవ్వినవాళ్లకూ ఫోనెత్తినవాడికీ కూడా అందులో వాటా ఉంది. అయినా నా వాటా నేను వదులుకోను.

కొన్నాళ్లకు హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. అలాంటి పెట్టెలున్న ఎక్స్ఛేంజిలన్నిటిలో మూడో దీపం పెట్టాలని, ప్రోగ్రాము మా దగ్గర నుంచి తీసుకోవాలని. కింద సంతకం ఆ పెద్ద ఆఫీసరుదే. ఆయన నాతో ఆ తర్వాత ఎప్పుడూ ఆ పొద్దున సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నన్ను పర్మనెంటు చేసిన కాగితం మీద కూడా ఆయనే సంతకం పెట్టాడు.

పిల్లలూ, మీ పరీక్షలు మా వాటికన్నా వెయ్యి రెట్లు వేగంగా జరుగుతాయి. జరిగిందానికీ జరగనిదానికీ తేడా చెప్పడం మాత్రం ఇప్పటికీ రాసేవాళ్ల చేతిలోనే ఉంది. తెలియదని రాయడానికి చోటు లేకపోతే యంత్రం అబద్ధమాడుతుంది. అది ఆడిందని మీకు ఎవరో చెమటలు కక్కుతూ వచ్చి చెప్పాల్సి వస్తుంది.

తర్వాత నాకు ప్రమోషను మీద నగరానికి ఆ చివరనున్న మరో ఎక్స్ఛేంజికి బదిలీ అయింది. అక్కడ నాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. మొదటిరోజు గేటు దగ్గర ముసలి వాచ్‌మన్ నన్ను ఆపి, చేతిలోని ఉత్తర్వు చూసి, ఎగాదిగా చూశాడు.

"మాలూమ్ నై మేడమ్ బోల్తే సో ఆప్ హీచ్ క్యా?" తెలియదన్న మేడమ్ అంటే మీరేనా అని.

"అవును, నేనే" అన్నాను. గేటు తీసి సలాం కొట్టాడు.